రెండో సీటు

పడవని భుజాల మీద మోసుకుంటూ నలుగురూ షెడ్డులోకి వచ్చేసరికి కెప్టెన్ గుమ్మం పక్కన నిలబడి ఉంది. చేతిలో టీ కప్పు ఉంది గానీ తాగడం లేదు.

"పడవ పెట్టాక ఒక్క నిమిషం ఆగండి. ఒక మాట చెప్పాలి," అంది.

వరసలో రెండో మనిషి డ్రైవరమ్మ. తడి చెక్క బరువంతా కుడిభుజానికి ఆనించి, మెడ పక్కకి వంచి నడుస్తోంది. షెడ్డు గోడల నిండా నల్లటి పలకలు. వాటి మీద ఎప్పుడో తాతముత్తాతల కాలంలో పందేలు గెలిచిన కుర్రాళ్ళ పేర్లు బంగారు రంగులో రాసి ఉంటాయి. బాగా కిందికి దిగితే గానీ ఒక్క ఆడపేరు కనపడదు. నలుగురూ ఒక్క ఊపున పడవని బోర్లించి కొయ్యల మీద పడుకోబెట్టారు. డ్రైవరమ్మ నడుముకి దోపుకున్న గుడ్డ లాగి పడవ అడుగు తుడవడం మొదలెట్టింది. బస్సు అద్దం తుడిచినట్టే తుడుస్తుంది ఆమె. పై నుంచి కిందికి, మళ్ళీ పై నుంచి కిందికి. ఒక్క చార మిగలనివ్వదు.

"శనివారం పందేనికి రెండో సీట్లో మార్పు చేస్తున్నాను," అంది కెప్టెన్, ఎదురుగా గోడకి ఆనించిన తెడ్లకేసి చూస్తూ. "కొత్తగా వచ్చిన పొడుగమ్మాయి కూచుంటుంది."

గుడ్డ ఆగిపోయింది.

రెండో సీటు డ్రైవరమ్మది. కెప్టెన్ డ్రైవరమ్మ కడుపున పుట్టిన పిల్ల; తను పాతవాళ్ళ పెద్ద పడవలో తెడ్డు వేస్తుంది, ఈ కొత్తవాళ్ళ పడవనీ చూసుకుంటుంది. నిన్న రాత్రి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూచుని భోంచేశారు. కూతురు ఉప్పు అందించమంటే అందించింది, పొద్దున్నే లేపమని చెప్పింది. ఈ ముక్క మాత్రం దాని నోట్లోంచి ఊడి పడలేదు.

"ఎందుకు?" అంది డ్రైవరమ్మ.

"పడవ ఇంకా వేగంగా పోవాలి. ఆ అమ్మాయి ఎత్తు చూడండి."

"ఎత్తు చూసి సీటిచ్చేట్టయితే వీధిదీపం స్తంభానికియ్యి. పోటీ పెట్టి చూశావా?"

"చూడక్కర్లేదు." కెప్టెన్ గొంతు తగ్గించింది. "అమ్మా, నువ్వు శనివారం ఒడ్డున ఉండు. టీలూ తువ్వాళ్ళూ చూసుకోవడానికి ఒకరు కావాలి. అందరికీ పెద్దదిక్కుగా ఉంటావు."

"దిక్కులు నాలుగే పిల్లా. నన్ను ఐదోదాన్ని చెయ్యకు."

చుక్కాని తాళ్ళు పట్టుకుని కేకలేసే చిన్నపిల్ల ఫక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిడికెడంత ఉంటుంది, గొంతు మాత్రం ఏటికి అవతలి ఒడ్డు దాకా వినిపిస్తుంది. పిచ్చుక అంటారు దాన్ని. కెప్టెన్ నవ్వలేదు. చల్లారిన టీ గుమ్మం బయట పారబోసి వెళ్ళిపోయింది.

డ్రైవరమ్మ పడవ తుడవడం పూర్తిచేసింది. కోపమొచ్చిందని పని సగంలో వదిలే మనిషి కాదు.

ఆమె నిజంగానే డ్రైవరు. ఊరి బస్సు నడుపుతుంది. యూనివర్సిటీ రాతి గేటు దగ్గర ఏళ్ళ తరబడి పిల్లల్ని దింపీ దింపీ, నలభై ఏడో ఏట తనూ అక్కడే దిగింది. చరిత్ర, మొదటి సంవత్సరం. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి డ్యూటీ. చేరిన కొత్తలో పాటల బృందానికి వెళ్తే వాళ్ళు మర్యాదగా గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. చదరంగానికి వెళ్తే రెండు వారాలు వరసగా ఓడిపోయేసరికి అవతలివాళ్ళకే విసుగొచ్చింది. వక్తృత్వ పోటీల్లో లేచి మాట్లాడి, సభాధ్యక్షుణ్ణి "కూచో బాబూ" అని కూచోబెట్టింది. "ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఒక్కటీ వదలను," అని మొగుడితో చెప్పింది. "ఆ మెట్లు చూశావా, మధ్యలో ఎలా అరిగి గుంటలు పడ్డాయో? నా వంతు అరుగుదల నేనూ అరగదియ్యాలి." ఆఖరికి పడవ దగ్గర ఆమె మనసు నిలబడిపోయింది. జీవితమంతా ముందుకి చూసి బండి నడిపిన మనిషి. ఇక్కడ వీపు ముందుకి పెట్టి, అద్దమైనా లేకుండా రివర్సులో పోవాలి. ఎక్కడికి పోతున్నామో పిచ్చుకకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ సంగతి ఆమెకి ఎంత నవ్వు తెప్పించిందో, అంత నచ్చింది.

ఆ పూట క్లాసులో మేష్టారు కోటగోడల గురించి చెబుతున్నారు. ఎప్పుడూ ముందు బల్ల మీద కూచుని ప్రశ్నలేసే మనిషి ఆ రోజు కిటికీలోంచి ఏటిని చూస్తూ కూచుంది. "ఏమ్మా, ఇవాళ మా గోడల్ని వదిలేశారా?" అన్నారు మేష్టారు. "లేదండీ, నాకే ఒకటి అడ్డమొచ్చింది," అంది.

సాయంత్రం బస్సు యూనివర్సిటీ గేటు దగ్గర ఆగితే పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. ఇద్దరు కుర్రాళ్ళు డ్రైవరు సీటు వెనకున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. డ్రైవరు వీపుని ఎవరు గమనిస్తారు?

"మా వాళ్ళ పందెం చూడ్డానికి వస్తావా శనివారం?"

"ఆడవాళ్ళ పడవలా? కెప్టెన్ వాళ్ళమ్మకి సీటిచ్చుకుందట కదా. ఇంటి పడవనుకుందేమో."

"తీసేసిందట్లే. నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారని."

"మరి? మనవాళ్ళని ఎక్కించుకుంటూ పోతే రేపు మేనత్త కూడా వస్తుంది."

బ్రేకు మీద కాలు కాస్త గట్టిగా పడింది. ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు తూలారు. "గట్టిగా పట్టుకోండి బాబూ," అంది డ్రైవరమ్మ, వెనక్కి తిరక్కుండా. "ముందు గుంత ఉంది." గుంతేమీ లేదు.

పొద్దుణ్ణుంచి కూతురి మీద కోపం ఆమె కడుపులో రాయిలా కూచుని ఉంది. ఇప్పుడా రాయి కరగలేదు గానీ రూపు మారింది. పిల్ల తనని చులకన చేసిందనుకుంది ఇందాకటి దాకా. కాదు, జడిసింది. డిపోలో బస్సు అప్పజెప్పి ఇంటికి నడుస్తూ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది.

ఇంట్లో మొగుడు బల్ల మీద దుప్పట్లు మడత పెడుతున్నాడు. ఆస్పత్రి చాకిరేవులో పని ఆయనది. ఇంటికొచ్చినా చేతులు ఊరుకోవు, ఇంట్లో బట్టలు కూడా ఆస్పత్రి మడతే పెడతాడు. కూతురు పొయ్యి దగ్గర గుడ్లు ఉడకబెడుతోంది, వీపు ఇటు పెట్టి.

"మీ గోల షెడ్డులోనే వదిలేసి రండని చెప్పానా?" అన్నాడాయన ముందే, భార్య మొహం చూసి.

"గోల కాదు. ఒక్క మాట." డ్రైవరమ్మ చెప్పులు విడిచింది. "నాకు సీటిచ్చుకున్నావని అంటున్నారట."

కూతురు గరిటె కింద పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"బస్సులో చెప్పారు. నిజమేనా?"

"అంటున్నారు. నెల రోజుల్నుంచి అంటున్నారు." ఇటు తిరిగింది పిల్ల. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను నీకేమీ ఇవ్వలేదని నీకు తెలుసు, నాకు తెలుసు. చేరినవాళ్ళు నలుగురే ఉంటే నలుగురూ ఎక్కారు. ఇప్పుడు ఐదో మనిషి వచ్చింది. నిన్ను ఉంచితే అమ్మ కాబట్టి ఉంచానంటారు. ఏం చెయ్యను?"

"అందుకని అమ్మ కాబట్టి తీసేశావు."

పిల్ల మళ్ళీ గరిటె అందుకుంది.

"ఇస్తే ఒక తప్పు, తీస్తే రెండు తప్పులు. వాళ్ళు నోరు పారేసుకున్నారని నా సీటు పారేస్తావా? నీకు నోళ్ళు మూయించాలని ఉంటే పోటీ పెట్టు. ఆ పిల్లా నేనూ తేల్చుకుంటాం."

"ఓడిపోతావమ్మా." ఆ మాట మెల్లిగా, బతిమాలుతున్నట్టు అంది. "అందరి ముందూ ఓడిపోతావు. నేను చూడలేను."

"కళ్ళు మూసుకో."

మొగుడు దుప్పటి అంచులు కలుపుతూ, "గుడ్లు మాడిపోతున్నాయి," అన్నాడు. నీళ్ళలో ఉడికే గుడ్లు ఎలా మాడతాయో ఎవరూ అడగలేదు. ముగ్గురూ కూచుని తిన్నారు. పోటీ పెడతానని కూతురు అనలేదు.

మర్నాడు కెప్టెన్ సైకిలు దిగి చూసేసరికి పడవ నీళ్ళలో ఉంది. అందరూ కళ్ళజోడు అని పిలిచే మొదటి సీటు పిల్లా, మిగతా ఇద్దరూ, పిచ్చుకా రేవు మీద వరసగా నిలబడి ఉన్నారు, తప్పు చేసిన పిల్లల్లా. పడవలో రెండో సీట్లో డ్రైవరమ్మ ఒక్కతే కూచుని ఉంది. కాళ్ళకి పట్టీలు బిగించుకుంది. తెడ్డు కొక్కెంలో పెట్టి మర తిప్పేసింది. ఒక్క మనిషి బరువుకి సన్నటి పడవ అటూ ఇటూ ఒరుగుతుంటే ఒక చేత్తో రేవు చెక్క పట్టుకుని ఆపుకుంటోంది.

"అమ్మా, దిగు."

"దిగను."

"పడవ బోర్లా పడుతుంది."

"పడితే ఈత వచ్చు."

"ఇలా బలవంతంగా కూచుంటే సీటు నీదైపోతుందా?"

"నాదని ఎవరన్నారు? పోటీ పెట్టమన్నాను. పెడతానంటే ఈ క్షణం దిగుతాను. పెట్టనంటే శనివారం దాకా ఇక్కడే. మధ్యాహ్నం డ్యూటీకి వేరేవాళ్ళని చూసుకొమ్మని డిపోకి చెప్పే వచ్చాను."

కళ్ళజోడు అటూ ఇటూ చూసి, మెల్లిగా ఒక కాలు పడవలో పెట్టింది. "ఏం లేదు, బాలెన్సు కోసం," అని మొదటి సీట్లో కూచుంది. దాని వెనకే మిగతా ఇద్దరూ ఎక్కారు. వాళ్ళూ పట్టీలు బిగించుకున్నారు. పిచ్చుక కెప్టెన్ కేసి చూసి భుజాలెగరేసి, "నేను దిగితే వీళ్ళు ఎక్కడికి పోతారో వీళ్ళకే తెలీదక్కా," అంటూ తన చోట్లోకి జారుకుంది.

రేవు చివర పొడుగమ్మాయి బూట్లు చేత్తో పట్టుకుని ఒంటరిగా మిగిలింది. వారం కిందటే చేరిన పిల్ల. ఎత్తుకి తగ్గట్టు భుజాలు కాస్త వంచుకుని నడుస్తుంది. ఆ మొహం కందగడ్డలా అయింది.

"నేనొక మాట అనొచ్చా?" అంది. "నాకు కూడా పోటీయే కావాలి. ఊరికే వచ్చిన సీటులో కూచుంటే, గెలిచినా నన్ను రేపట్నుంచి ఆంటీ సీటు అని పిలుస్తారు."

"ఆంటీ ఎవరే?" అంది డ్రైవరమ్మ పడవలోంచి.

"సారీ... డ్రైవరమ్మగారూ."

"అదీ. ఈ పిల్లకున్నపాటి బుద్ధి కూడా..." అని సగంలో మింగేసింది.

కెప్టెన్ సైకిలు స్టాండు వేసింది. "రేపు పొద్దున," అంది. "పాత వంతెన దాకా."

పోటీ పద్ధతి షెడ్డులో అందరికీ తెలిసిందే. రెండు పడవలు. ఒకదాంట్లో డ్రైవరమ్మ తన జట్టుతో, రెండోదాంట్లో పొడుగమ్మాయి పాతవాళ్ళలో ముగ్గురితో. వంతెన దాకా వేసి వెనక్కొచ్చాక ఇద్దరూ సీట్లు మార్చుకోవాలి. మళ్ళీ వెయ్యాలి. పడవలు అవే, ఏరు అదే, మారేది ఆ ఇద్దరే. ఎవరు ఎక్కినప్పుడు పడవ ఎక్కువ ముందుకి పోతుందో సీటు వాళ్ళది.

పొద్దున షెడ్డు ముందు మామూలుగా ఉండేదానికి రెండింతలు జనం ఉన్నారు. పని లేనివాళ్ళూ, పని మానుకున్నవాళ్ళూ. డ్రైవరమ్మ ఎవరినీ చూడలేదు. అరచేతుల్లో కాయలు కాసిన చోట గుడ్డపీలిక చుట్టుకుని, పళ్ళతో ముడి బిగించింది.

"సిద్ధం... కొట్టు!" అని అరిచింది పిచ్చుక.

మొదటిసారి తన సొంత జట్టు. కాళ్ళు తన్నగానే కింద చక్రాల సీటు వెనక్కి జారుతుంది, మోకాళ్ళు చాచుకుంటాయి, నడుము ఊగుతుంది, అన్నిటి తర్వాత చేతులు లాగుతాయి. ఎదుట మూడో సీటు పిల్ల మెడ మీది పుట్టుమచ్చ దూరమవుతుంది, దగ్గరవుతుంది. ఆ మచ్చనే చూస్తూ వేసింది డ్రైవరమ్మ. వంతెన నీడ మీద పడేసరికి అవతలి పడవ సగం పొడుగు వెనకబడి ఉంది. ఒడ్డు మీద చప్పట్లు వినిపించాయి. ఆమెకి తెలుసు, ఇంకా సగమే అయిందని.

రేవుకొచ్చి సీట్లు మార్చుకున్నారు. ఎదురుపడ్డప్పుడు పొడుగమ్మాయి ఏదో అనబోతే, "ఊపిరి దాచుకో," అంది డ్రైవరమ్మ.

రెండోసారి కొత్త పడవ. కాళ్ళ పట్టీలు వదులు, ఎదుట ముక్కూమొహం తెలియని వీపు. ఇంజన్ తెలియని బండి మొదటిసారి ఎత్తు ఎక్కించినట్టుంది. సగం దూరం వచ్చేసరికి ఊపిరి ఈలలాగా మోగింది. చుట్టుకున్న గుడ్డ తడిసి చేతిలోకి జారిపోయింది. పక్కన తన సొంత పడవ, లోపల తను లేకుండా, మెల్లిగా ముందుకి పోవడం కంటి చివరన కనపడుతోంది. పిచ్చుక గొంతు ఇప్పుడు అవతలి పడవలోంచి వినిపిస్తోంది. పళ్ళు బిగించి ఇంకా లాగింది. తొడల్లో మంటలు లేచాయి. వంతెన కింద చల్లటి చీకటి మీద పడ్డప్పుడు ఆమె పడవ నిండా ఒక్క పడవ పొడుగు వెనక ఉంది.

ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు. అదే జట్టు ఆమె ఉంటే సగం పడవ పొడుగున గెలిచింది, ఆ పిల్ల ఉంటే మొత్తం పడవ పొడుగున గెలిచింది.

కెప్టెన్ ఒడ్డు వెంబడి సైకిలు మీద వచ్చింది. ఒక కాలు నేలకి ఆనించి, నోటి దగ్గర చేతులు దొప్పలా పెట్టుకుని అరిచింది. "రెండో సీటు పొడుగమ్మాయిది! సగం పడవ తేడా!" ఆ గొంతులో జాలి లేదు, సంజాయిషీ లేదు. ఎవరు ఓడినా అదే గొంతుతో అరిచేది.

డ్రైవరమ్మ తెడ్డు మీద వాలి ఊపిరి పీల్చుకుంది. చెంపలు భగ్గుమన్నాయి. ఒడ్డున ఎవరో "పాపం" అన్నారు. ఆ పాపం తనకి తగలనట్టు తల దులిపేసింది. మొన్న షెడ్డులో గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు ఉన్న రాయి కడుపులో వెతికితే దొరకలేదు. మధ్యదారిలో బస్సులోంచి దింపేయడం వేరు, మన స్టాపు వచ్చి మనం దిగడం వేరు. రేవుకొచ్చాక పొడుగమ్మాయి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. "శనివారం గెలవకపోయావో, నా బస్సెక్కనివ్వను."

శనివారం ఏటి ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. షెడ్డు ముందు టీ బల్ల దగ్గర తువ్వాళ్ళన్నీ నాలుగు మడతలుగా, అంచుకి అంచు కలిపి పేర్చి ఉన్నాయి. వాటి వెనక నిలబడి కప్పుల్లో టీ పోస్తున్నది డ్రైవరమ్మ మొగుడు.

"నువ్వా?" అంది ఆమె.

"ఎవరో ఒకరు పెద్దదిక్కు కావాలన్నారట కదా," అన్నాడు. "నాకభ్యంతరం లేదు. అరవకు, టీ ఒలుకుతుంది."

ఆమె టీ కూడా తాగలేదు. పడవలు బయల్దేరగానే ఒడ్డు వెంట పరుగెత్తింది. గొడుగులు తోసింది, ఒక ముసలాయన కర్ర తన్నేసి, తీసిచ్చి, మళ్ళీ పరుగెత్తింది. "కాళ్ళు! కాళ్ళతో తన్నండే! చేతులు తర్వాత!" బస్సు హారన్ లాంటి ఆ గొంతుకి ముందున్న జనం వాళ్ళంతట వాళ్ళే దారిచ్చారు. పడవ మూడోదిగా వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకి మూడో స్థానం రావడం ఆ షెడ్డు ఎరిగినంతలో లేదు. కళ్ళజోడు రేవు మీదకి వచ్చి డ్రైవరమ్మ మెడ చుట్టూ తడి చేతులు వేసి ఏడ్చేసింది. ఓదార్చడం ఎలాగో తెలియక ఆమె దాని కళ్ళజోడు తీసి తుడిచి పెట్టింది, పై నుంచి కిందికి.

జనం పల్చబడ్డాక కెప్టెన్ ఒక్కతే రేవు చివర కూచుని తెడ్లు కడుగుతోంది. తన పెద్ద పడవ పందెంలో రెండోదిగా వచ్చింది. ఆ అలసట ఇంకా భుజాల్లో ఉంది. డ్రైవరమ్మ వచ్చి పక్కన కూచుని కాళ్ళు నీళ్ళ మీద వేలాడేసింది.

"మళ్ళీ సీట్ల పోటీ ఎప్పుడు?"

"వచ్చే నెల."

"ఎవరైనా ఎవరి సీటుకైనా అడగొచ్చా?"

"అడగొచ్చు. అదే పద్ధతి."

"అయితే నీ సీటు."

కెప్టెన్ చేతిలో తెడ్డు ఆగింది. "నాది పెద్ద పడవమ్మా."

"తెలుసు."

"నేను మూడేళ్ళ నుంచి వేస్తున్నాను."

"అదీ తెలుసు. తెల్లారగట్ల లేపింది ఎవరనుకున్నావు?"

కూతురు ఆమె మొహంలోకి చూసింది. నవ్వులాటేమో అని వెతికింది. దొరకలేదు. అప్పుడు తడి తెడ్డు ఒకటి తీసి తల్లి ఒళ్ళో అడ్డంగా పెట్టింది.

"పట్టుకో. ఎప్పుడూ ఎలా పట్టుకుంటావో అలాగే."

డ్రైవరమ్మ పట్టుకుంది.

"ఇదిగో, ఇక్కడ." కెప్టెన్ తల్లి కుడి మణికట్టు మీద రెండు వేళ్ళు వేసి నొక్కింది. "స్టీరింగ్ పట్టుకున్నట్టు బిగించేస్తావు. అందుకే తెడ్డు నీళ్ళలోంచి రావడం ప్రతిసారీ ఆలస్యం. ఆ సగం పడవ ఇక్కడే పోయింది."

"ఎప్పుడు కనిపెట్టావు?"

"మొదటి రోజే."

"మరి చెప్పలేదేమే? ఆ కళ్ళజోడుని రోజుకి పదిసార్లు తిడతావు కదా!"

ఏటి మీద చివరి పడవ ఒకటి షెడ్డుకేసి వస్తోంది. "నీకెలా చెప్పాలో తెలీలేదు," అంది కెప్టెన్. "నాకు బూట్ల తాళ్ళు కట్టుకోవడం నేర్పినదానివి."

"ఇంకా ఏమేం తప్పులున్నాయి?"

"చాలా ఉన్నాయి. నడుము తొందరపడుతుంది. కుడిభుజం పైకి లేస్తుంది. అలిసిపోయాక తల కిందికి వాలుస్తావు."

"అన్నీ చెప్పు. ఒక్కటీ దాచకు."

"సోమవారం నుంచి రా, అందరికంటే ముందు. ఆలస్యమైతే ఆగను."

"బయల్దేరేది ఒకే ఇంట్లోంచి."

"అయినా ఆగను. అడిగింది నా సీటు." కెప్టెన్ వెనక్కి జరిగి, మోకాళ్ళ మీద కూచుని, తల్లి చేతికేసి కళ్ళార్పకుండా చూసింది. "మణికట్టు వదులు చేసి తిప్పు."

డ్రైవరమ్మ తిప్పింది. తెడ్డు చివర చప్పటి చెక్క నీళ్ళ మీద అడ్డంగా పడి టప్పుమంది.

"కాదు. మళ్ళీ."

తిప్పింది.

"మళ్ళీ."